పారిస్‌లో స్టేషన్ మారాల్సి వస్తే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: లండన్‌లో చదువుకుంటున్న మా అమ్మాయి దగ్గరికి నేనూ మావారూ వెళ్తున్నాం. అక్కడి నుంచి ముగ్గురం కలిసి రైల్లో పారిస్ మీదుగా మిలాన్‌కూ, ఆ తర్వాత వెనిస్‌కూ వెళ్లి, అదే దారిలో లండన్ తిరిగి రావాలని మా ఆలోచన. లండన్ నుంచి వెళ్లే యూరోస్టార్ రైలు పారిస్‌లో గార్ దు నోర్ స్టేషన్‌కు చేరుతుందనీ, మిలాన్ రైలు మాత్రం గార్ ద లియోన్ అనే వేరే స్టేషన్‌లో ఎక్కాలనీ తెలిసింది. రాకకూ పోకకూ కూడా పారిస్‌లో గంటా పది నిమిషాల వ్యవధి వచ్చేలా విడివిడి టికెట్లు చూసి పెట్టుకున్నాం, ఇంకా కొనలేదు. పెద్ద పెట్టెలతో ఆ వ్యవధిలో రైలు అందుకోగలమా?

జవాబు: టికెట్లు కొనకముందే అడిగి మంచి పని చేశారమ్మా. రైలు వేళకు వస్తే వెళ్లేటప్పుడు అందుకోగలరు. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం అందుకోలేరు. రెండు వైపులా దూరం ఒకటే అయినా లెక్క ఒకటి కాదు కాబట్టి వేరువేరుగా చెబుతాను.

లండన్ నుంచి వచ్చేవారి పాస్‌పోర్టులను ఫ్రాన్స్ పోలీసులు లండన్‌లోని సెంట్ పాంక్రాస్ స్టేషన్‌లోనే, రైలు ఎక్కకముందే తనిఖీ చేస్తారు. అందువల్ల గార్ దు నోర్‌లో దిగాక ఏ వరుసలోనూ నిలబడనక్కరలేదు. పెట్టెలు తీసుకుని నేరుగా బయటికి నడవడమే. టికెట్‌పై ఉండే సమయాలు ఏ ఊరివి ఆ ఊరివే కాబట్టి, పారిస్ గడియారం లండన్ కంటే గంట ముందుండటం గురించి కూడా మీరు ప్రత్యేకంగా లెక్క వేసుకోనవసరం లేదు.

గార్ దు నోర్ నుంచి గార్ ద లియోన్‌కు వెళ్లడానికి అన్నిటికంటే దగ్గరి దారి ఆర్‌ఈఆర్ అనే పారిస్ లోకల్ రైళ్లలో, ఇక్కడ భూగర్భంలో నడిచే డి లైను. మధ్యలో షాత్లే లే ఆల్ అనే ఒక్క స్టేషన్ వస్తుంది, దాని తర్వాతిదే మీరు దిగవలసినది; రైల్లో గడిపేది పది నిమిషాల లోపే. ఇక్కడ కొత్తవారు తడబడే చోటు ఒకటుంది. గార్ దు నోర్‌లో దక్షిణ దిశగా వెళ్లే బి లైను రైళ్లూ డి లైను రైళ్లూ పక్కపక్క ప్లాట్‌ఫారాల నుంచి బయలుదేరి, షాత్లే వరకు ఒకే సొరంగంలో ప్రయాణిస్తాయి. ఆ తర్వాత డి లైను గార్ ద లియోన్ వైపు తిరుగుతుంది, బి లైను వేరే దిక్కుకు పోతుంది. అందుకని రైలు ఎక్కేముందు పైనున్న తెరపై అక్షరం ఏదో చూడండి. తొందరలో బి రైలు ఎక్కేసినా కంగారు పడకుండా షాత్లేలో దిగి, అక్కడ డి లైను గానీ ఎ లైను గానీ పట్టుకుంటే తర్వాతి స్టేషన్ గార్ ద లియోనే. డి లైను ఆ రోజు ఆగిపోయి ఉంటే, మెట్రో 5వ లైనులో బాస్తీల్ వరకు వెళ్లి, అక్కడ 1వ లైనులోకి మారి ఒక్క స్టేషన్ ప్రయాణించవచ్చు. అయితే మెట్రోలో మెట్లు ఎక్కువ కాబట్టి పెద్ద పెట్టెలతో ఉన్న ముగ్గురికి ఆ పూట టాక్సీయే మేలు. 2025 జనవరిలో పారిస్ మెట్రో, ఆర్‌ఈఆర్ టికెట్ ధరను 2.50 యూరోలుగా ఒకే రేటు చేశారు. బయటికి వెళ్లే గేటు దగ్గర కూడా టికెట్ అవసరమవుతుంది కనుక ప్రయాణం పూర్తయ్యేదాకా దాన్ని చేతిలోనే ఉంచుకోండి. జేబుదొంగలు తిరిగే లైను ఇది. పాస్‌పోర్టులను పైజేబులో పెట్టుకోవద్దు.

టికెట్ యంత్రం దగ్గర వరుస, కిందికి దిగడం, రైలు కోసం ఎదురుచూపు, మళ్లీ పైకి ఎక్కడం అన్నీ కలిపితే ముప్పావు గంట అనుకోండి. గార్ ద లియోన్ చాలా పెద్ద స్టేషన్. అక్కడ కొన్ని ప్లాట్‌ఫారాలకు అక్షరాలు, కొన్నిటికి అంకెలు ఉంటాయి. అవి వేరువేరు హాళ్లలో ఉంటాయి. మీ ప్లాట్‌ఫారం ఏదో తెరపై రైలు బయలుదేరడానికి కొద్ది నిమిషాల ముందే కనిపిస్తుంది, ఫ్రాన్స్ హైస్పీడ్ రైలైన టీజీవీ ఎక్కడాన్నేమో బయలుదేరడానికి రెండు నిమిషాల ముందే ఆపేస్తారు. ఈ లెక్కన మీకు మిగిలేది పాతిక నిమిషాలు.

నాకు భయం కలిగించేది ఆ పాతిక నిమిషాలే, ఎందుకంటే మీరు కొనబోయేవి విడివిడి టికెట్లు. యూరోపియన్ యూనియన్‌లో 2023 జూన్ 7 నుంచి అమలవుతున్న 2021/782 నిబంధన ప్రకారం, మొత్తం ప్రయాణం ఒకే ఒప్పందం కింద ఉన్నప్పుడు మధ్యలో రైలు తప్పిపోయి గమ్యానికి గంటో అంతకంటే ఎక్కువో ఆలస్యమయ్యే పరిస్థితి వస్తే, డబ్బు వాపసు తీసుకోవడమో వేరే రైల్లో పంపమని కోరడమో ప్రయాణికుడి హక్కు. విడివిడి టికెట్లయితే ఏ రైలు బాధ్యత దానికే పరిమితం. యూరోస్టార్ నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చిందనుకోండి. దాని లెక్కలో అది పరిహారం ఇవ్వవలసినంత ఆలస్యం కాదు. మీకు మాత్రం ఏడు గంటల మిలాన్ ప్రయాణం పోయినట్లే. పారిస్ నుంచి మిలాన్‌కు నేరుగా వెళ్లే రైళ్లు రోజుకు కొన్నే ఉన్నాయి, అప్పటికప్పుడు కొనే టికెట్ ధర చాలా ఎక్కువగా ఉంటుంది. అంతర్జాతీయ ప్రయాణికులను తర్వాతి రైల్లో ఎక్కించుకునేందుకు కొన్ని రైల్వే సంస్థల మధ్య ఒప్పందం ఉన్న మాట నిజమే. దాని కోసం ఆలస్యమైన రైలు సిబ్బంది దగ్గర ఆలస్యాన్ని ధ్రువీకరించే ముద్ర వేయించుకోవాలి. అయితే అది చివరి ఆధారంగా పనికి వస్తుందే తప్ప, దాన్ని నమ్ముకుని ప్రయాణం ఖరారు చేసుకోవడం మంచిది కాదు. వెళ్లేటప్పుడు పారిస్‌లో కనీసం రెండు గంటలు ఉండేలా టికెట్లు తీసుకోండి.

తిరుగు ప్రయాణంలో గార్ దు నోర్‌కు చేరగానే రైలు ఎక్కడం కుదరదు. యూరోస్టార్ ప్రయాణికులు స్టేషన్‌లోనే పై అంతస్తుకు వెళ్లి, ఫ్రాన్స్ విడిచిపోతున్నట్లు ఒక తనిఖీ, బ్రిటన్‌లోకి అడుగుపెడుతున్నట్లు మరో తనిఖీ, ఆపైన సామాన్ల స్కానింగ్ పూర్తి చేసుకోవాలి. సాధారణ తరగతి వారికి రైలు బయలుదేరడానికి 30 నిమిషాల ముందే గేట్లు మూసేస్తారు, రద్దీ రోజుల్లో వరుసలు చాలా పొడవుగా ఉంటాయి. 2025 అక్టోబరు 12న షెంగెన్ దేశాలు (ఫ్రాన్స్, ఇటలీ సహా ఉమ్మడి వీసా ఉన్న యూరప్ దేశాలు) మొదలుపెట్టిన కొత్త విధానంలో, ఆ దేశాల పౌరులు కానివారి వేలిముద్రలు, ముఖచిత్రం నమోదు చేస్తున్నారు. లండన్‌లో రైలు ఎక్కేటప్పుడు దీనికి కూడా కొంత సమయం కేటాయించుకోండి. తిరిగి వచ్చే రోజున రెండు రైళ్ల మధ్య మూడు గంటలు ఉంచుకోమని నా సలహా. ఆ రాత్రి పారిస్‌లోనే బస చేసి మర్నాడు ఉదయం బయలుదేరగలిగితే ఇంకా నిశ్చింత.

వీసాల గురించి మీరు అడగలేదు కానీ చెప్పకుండా ఉండలేను. మీవి భారత పాస్‌పోర్టులైతే బ్రిటన్ వీసా ఫ్రాన్స్‌లోనూ ఇటలీలోనూ పనికిరాదు. మీ ఇద్దరికే కాదు, బ్రిటన్‌లో విద్యార్థి వీసాపై ఉన్న మీ అమ్మాయికి కూడా షెంగెన్ వీసా విడిగా ఉండాలి. అది లేకపోతే సెంట్ పాంక్రాస్‌లోనే ఆపేస్తారు. మీరు లండన్ తిరిగి వచ్చే రోజుకు మీ బ్రిటన్ వీసా గడువు తీరకుండా ఉందో లేదో కూడా సరిచూసుకోండి.

మిలాన్‌లోనూ స్టేషన్ పేరు చూసుకోవాలి. ఇటలీ రైల్వేవారి ఫ్రెచారోస్సా రైల్లో వెళ్తే చెంత్రాలే స్టేషన్‌లో దిగుతారు, వెనిస్ రైళ్లు బయలుదేరేది కూడా అక్కడి నుంచే. ఫ్రాన్స్ వారి టీజీవీ అయితే పోర్తా గారిబాల్డి దగ్గర ఆగిపోతుంది. అక్కడి నుంచి ఆకుపచ్చ రంగు మెట్రో లైనులో రెండో స్టేషనే చెంత్రాలే. ధరలో పెద్ద తేడా లేకపోతే నేను ఫ్రెచారోస్సానే ఎంచుకోమంటాను.

ప్రశ్న: ఒక్క పారిస్‌లోనే ఇన్ని పెద్ద స్టేషన్లు ఎందుకు? అన్ని రైళ్లూ ఒకే చోటికి రావచ్చు కదా?

జవాబు: పందొమ్మిదో శతాబ్దంలో ఫ్రాన్స్‌లో రైలు మార్గాలను వేరువేరు ప్రైవేటు కంపెనీలు వేశాయి. ఉత్తర దిక్కుకు వెళ్లే కంపెనీ తన స్టేషన్‌ను నగరం ఉత్తరపు అంచున, తూర్పుకు వెళ్లేది తూర్పున కట్టుకుంది. అప్పటికే కిక్కిరిసి ఉన్న నగర మధ్యభాగం గుండా పట్టాలు వేయడం ఎవరివల్లా కాలేదు. 1938లో ఈ కంపెనీలన్నీ ఎస్‌ఎన్‌సీఎఫ్ అనే జాతీయ సంస్థలో కలిసిపోయినా, స్టేషన్లు మాత్రం ఎక్కడివక్కడే ఉండిపోయాయి. కొన్ని నగరాలు మాత్రం తర్వాత రైళ్లను ఒకచోటికి చేర్చుకున్నాయి. బెర్లిన్ 2006లో తన ప్రధాన స్టేషన్‌ను ప్రారంభించింది. వియన్నా తన పాత దక్షిణ స్టేషన్‌ను పడగొట్టి ఆ ప్రాంతంలోనే కొత్త ప్రధాన స్టేషన్ కట్టుకుంది, అక్కడ ఇప్పుడు దూరప్రాంత రైళ్లలో అత్యధికం ఒకే కప్పు కింద దొరుకుతాయి. పారిస్‌కు ఆ వీలు లేదు. అయితే లండన్ నుంచి దక్షిణ ఫ్రాన్స్‌కు వెళ్లేవారికి ఒక దారి ఉంది: యూరోస్టార్‌లో లిల్ యూరోప్ స్టేషన్ దగ్గర దిగితే, పారిస్ నగరంలోకి వెళ్లకుండా చుట్టు తిరిగి లియోన్, మార్సెయ్ వైపు పోయే టీజీవీలు అదే స్టేషన్‌లో దొరుకుతాయి. ఆ ఊళ్లోనే లిల్ ఫ్లాండ్ర్ అనే మరో స్టేషన్ ఉంది. రెండింటి మధ్య నడిచి వెళ్లేంత దూరమే అయినా, మీ రెండు టికెట్లపైనా యూరోప్ అనే ఉందని చూసి మరీ కొనండి.

ప్రశ్న: జర్మనీ నుంచి స్విట్జర్లాండ్ వెళ్లే రైల్లో బాసెల్ పేరుతో రెండు స్టేషన్లు వస్తున్నాయి. ఎక్కడ దిగాలి?

జవాబు: మొదట వచ్చేది బాసెల్ బాడిషర్ స్టేషన్. అది ఉన్నది స్విట్జర్లాండ్ నేలపైనే అయినా దాన్ని నడిపేది జర్మన్ రైల్వే. స్విట్జర్లాండ్ లోపలి ఊళ్లకు వెళ్లే రైళ్లు ప్రధానంగా బయలుదేరేది రెండోదైన బాసెల్ ఎస్‌బీబీ నుంచి కాబట్టి, మీ రైలు అక్కడిదాకా వెళ్తుంటే మొదటి స్టేషన్‌లో దిగవద్దు. వెళ్లకపోతే బాడిషర్ స్టేషన్ బయట 2వ నంబరు ట్రామ్ ఎక్కండి, అది ఎస్‌బీబీ ముందు దింపుతుంది.