గిట్ మొరాయించినప్పుడు ఏం చేయాలి: మేనకోడలికి మామయ్య ఉత్తరం

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. ప్రోగ్రామ్ ఫైళ్లలో చేసే మార్పుల చరిత్రను దాచే గిట్ మొరాయిస్తోందని నువ్వు పంపిన స్క్రీన్‌షాట్‌లో ఎర్రర్ ఆఖరి లైను ఒక్కటే ఉంది. దాని పైన ఏముందో, అంతకుముందు ఏ కమాండ్ కొట్టావో కనబడలేదు. ఇకమీదట ఏ ఎర్రర్ వచ్చినా టెర్మినల్‌లో (కమాండ్లు కొట్టే విండోలో) ఉన్నదంతా పైనుంచి కాపీ చేసి ఒక టెక్స్ట్ ఫైల్లో పెట్టుకో. ఆ తర్వాత నిదానంగా చదువు. "రిమోట్" అని మొదలయ్యే లైన్లు సర్వర్ నుంచి వచ్చినవి. మెయిన్ బ్రాంచ్‌కు (ప్రాజెక్ట్ ప్రధాన శాఖకు) నేరుగా పుష్ చేసే, అంటే నీ పనిని సర్వర్‌కు పంపే, అనుమతి నీకు లేకపోవచ్చు, లేదా 100 ఎంబీ దాటిన ఫైలును గిట్‌హబ్ (గిట్ ప్రాజెక్టులను ఉంచే ఆన్‌లైన్ సర్వీసు) ఒప్పుకోకపోవచ్చు. అప్పుడు నీ మెషీన్లో సెట్టింగులు ఎన్ని మార్చినా లాభం లేదు. "హింట్" లైన్లను చాలామంది చదవకుండా దాటేస్తారు. నువ్వు దాటెయ్యకు, దారి చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

నేను చూసినంతలో, గిట్‌లో ఎర్రర్ వల్ల పోయిన పని తక్కువ. ఎర్రర్ చూసి కంగారుపడి, ఎక్కడో దొరికిన కమాండ్ కొట్టడం వల్ల పోయిందే ఎక్కువ. కాబట్టి ఏదైనా సరిచేసే ముందు ప్రాజెక్ట్ ఫోల్డర్ మొత్తాన్ని, లోపల దాగి ఉండే డాట్ గిట్ ఫోల్డర్‌తో సహా, వేరేచోటికి కాపీ చెయ్యి. ఇది నేను నిన్ను బతిమాలి చెబుతున్న మాట. రీసెట్ హార్డ్, క్లీన్ అనే రెండు కమాండ్ల జోలికి ఆ కాపీ లేకుండా వెళ్లకు. కమిట్ చెయ్యని, అంటే గిట్ చరిత్రలో నమోదు చెయ్యని, మార్పులను మొదటిది, గిట్‌కు ఇంకా చూపించని కొత్త ఫైళ్లను రెండోది తుడిచేస్తాయి. అలా పోయినవాటిని గిట్ వెనక్కి తేలేదు.

ఇప్పుడు నీ సమస్య. కరెంటు పోయి డెస్క్‌టాప్ ఆగిపోయాక "ఆబ్జెక్ట్ ఫైల్ ఈజ్ ఎంప్టీ" అని వస్తోందన్నావు. గిట్ ప్రతి కమిట్‌నూ, ప్రతి ఫైలు రూపాన్నీ డాట్ గిట్ లోపల ఆబ్జెక్ట్స్ అనే ఫోల్డర్లో దాస్తుంది. ఒక్కోదానికీ 40 అక్షరాల హ్యాష్, అంటే లోపలి సమాచారం నుంచి లెక్కగట్టిన గుర్తింపు సంకేతం, ఉంటుంది. అందులో మొదటి 2 అక్షరాలు సబ్‌ఫోల్డర్ పేరు, మిగతా 38 ఫైలు పేరు. ఫైలు పేరు డిస్క్ మీద పడి, లోపలి సమాచారం ఇంకా మెమరీలోనే ఉండగా కరెంటు పోతే, సున్నా బైట్ల ఫైలు మిగులుతుంది. గిట్ దాన్ని తెరిచి, ఏమీ కనబడక ఆగిపోతోంది. నీ సోర్స్ ఫైళ్లు మాత్రం ఫోల్డర్లో ఉన్నచోటే ఉన్నాయి.

పాత ఫోల్డర్‌ను కదపకుండా, పక్కనే సర్వర్ నుంచి కొత్తగా క్లోన్ చేసుకుని (ప్రాజెక్ట్ మొత్తం కాపీ దించుకుని) నీ బ్రాంచ్‌కు వెళ్లు. పాత ఫోల్డర్ నుంచి డాట్ గిట్ తప్ప మిగతా ఫైళ్లన్నీ దాని మీదికి కాపీ చేసి, గిట్ డిఫ్ కొట్టు. పుష్ చేయకుండా మిగిలిన పని కనబడుతుంది. కొత్తగా చేర్చిన ఫైళ్లు డిఫ్‌లో రావు, వాటిని గిట్ స్టేటస్‌లో చూడు. అంతా సరిగా ఉంటే కమిట్ చెయ్యి. పుష్ చేయని కమిట్ల చరిత్ర విడివిడిగా కావాలంటే పాత ఫోల్డర్లో గిట్ ఎఫ్‌ఎస్‌సీకే అనే తనిఖీ కమాండ్ నడిపి ఏ ఆబ్జెక్టులు చెడ్డాయో చూడాలి. డాట్ గిట్ లోపల లాగ్స్ ఫోల్డర్లోని హెడ్ అనే ఫైలు కూడా తెరువు. ఒక్కో లైనులో పాత కమిట్, కొత్త కమిట్ హ్యాష్‌లు వరుసగా ఉంటాయి. చెడిపోయినదానికి ముందున్న మంచి కమిట్ ఏదో అక్కడ తెలుస్తుంది. ఆ పని మొదలుపెట్టేముందు నాకు ఫోన్ చెయ్యి, ఇద్దరం కలిసి చేద్దాం.

పుష్ "రిజెక్టెడ్" అని వస్తే భయపడకు. మామూలుగా నీకంటే ముందు ఎవరో అదే బ్రాంచ్‌కు పుష్ చేసి ఉంటారు, వాళ్ల పని చెరిగిపోకుండా గిట్ అడ్డుపడుతోంది. ఫెచ్ చేసి (సర్వర్లోని కొత్త కమిట్లను దించుకుని), ఏం వచ్చిందో లాగ్‌లో చూసి, అప్పుడు మెర్జో రీబేసో చేసి రెండు పనులనూ కలుపు. ఫోర్స్ కొట్టొద్దు, అది సర్వర్లో ఉన్నదాన్ని బలవంతంగా చెరిపి నీ పనిని పెడుతుంది. నువ్వొక్కదానివే పనిచేసే బ్రాంచ్ అయి, తప్పనిసరైతే ఫోర్స్ విత్ లీజ్ వాడు, నువ్వు చివరిసారి ఫెచ్ చేశాక సర్వర్లో బ్రాంచ్ మారి ఉంటే అది ఆగిపోతుంది. నీ ఎడిటర్ వెనకాల తనంతట తానే ఫెచ్ చేస్తుంటే ఆ రక్షణ కూడా బలహీనపడుతుందని గుర్తుంచుకో.

రెండు గిట్ కమాండ్లు ఒకేసారి రాయకుండా గిట్ తాళంలా పెట్టే ఇండెక్స్ డాట్ లాక్ ఫైలు ఉందని వస్తే, ఎడిటర్లోనో ఇంకో టెర్మినల్లోనో గిట్ నడుస్తోందేమో ముందు చూడు. ఏదీ నడవడం లేదని తేలాకే ఆ ఫైలు తీసెయ్యి.

కమిట్ చేసిన పని కనబడకుండా పోతే గిట్ రెఫ్‌లాగ్ చూడు, నువ్వు ఏయే కమిట్ల మీద ఉన్నావో రాసిపెట్టే చిట్టా అది. ఏ బ్రాంచ్‌కూ అందని కమిట్లను కూడా మామూలు సెట్టింగుల్లో 30 రోజుల దాకా అది పట్టి ఉంచుతుంది. అయితే అది నీ మెషీన్లోనే ఉంటుంది, కొత్త క్లోన్‌లో వెతికితే దొరకదు. పాత ఫోల్డర్ను తొందరపడి డిలీట్ చెయ్యొద్దనేది అందుకే.

నీ తప్పేమీ లేకుండా వచ్చేవీ ఉంటాయి. 2023 మార్చి 24న గిట్‌హబ్ తన ఆర్‌ఎస్‌ఏ ఎస్‌ఎస్‌హెచ్ కీ (సర్వర్ అసలైనదేనని రుజువు చేసే కీ) మార్చింది. ఆ కీ ప్రైవేట్ భాగం కొద్దిసేపు ఒక పబ్లిక్ రిపోలో (అందరూ చూడగల ప్రాజెక్ట్ నిల్వలో) బయటపడడమే కారణం. ఆ తర్వాత ఎందరికో స్క్రీన్ నిండా పెద్ద హెచ్చరిక వచ్చింది. అలాంటిది చూడగానే నీ మెషీన్ నమ్మిన సర్వర్ల కీలుండే నోన్ హోస్ట్స్ ఫైల్లో లైను తీసేసి ముందుకు పోవడం ప్రమాదం. నిజంగానే నీకూ సర్వర్‌కూ మధ్యలో ఎవరైనా చొరబడి ఉండొచ్చు. గిట్‌హబ్ అధికారికంగా ప్రకటించిన ఫింగర్‌ప్రింట్‌తో (కీని గుర్తుపట్టే చిన్న సంకేతంతో) పోల్చి చూసి, సరిపోతేనే తీసెయ్యాలి. ఫోల్డర్ ఓనర్ వేరొకరైతే వచ్చే, 2022లో చేరిన "డ్యూబియస్ ఓనర్‌షిప్" ఎర్రర్ కూడా భద్రత కోసం పెట్టినదే. సేఫ్ డైరెక్టరీ అనే సెట్టింగుకు నక్షత్రం గుర్తు (అన్ని ఫోల్డర్లనూ నమ్మమని అర్థం) పెట్టి దాని నోరు మూయించకు. ఫోల్డర్ ఓనర్ ఎవరో చూడు, ఎప్పుడో సుడోతో (అడ్మిన్ అధికారంతో) క్లోన్ చేసి ఉంటావు.

నాకు ఫోన్ చేసేముందు గిట్ వర్షన్, గిట్ స్టేటస్, గిట్ రిమోట్ వీ ఇచ్చిన జవాబులు పంపు. రిమోట్ అడ్రస్‌లో టోకెన్ (పాస్‌వర్డ్ లాంటి రహస్య సంకేతం) ఉంటే దాన్ని చెరిపేసి పంపు.

ఇట్లు,
మామయ్య