ఆరువేల పేజీలు, పదిహేను రోజులు

ప్రశ్న: బెంగళూరు కమర్షియల్ కోర్టు దావాలో ఎదుటిపక్షం 6,000 పేజీల స్కాన్లిచ్చింది. ఏఐతో సారాంశం తీయించవచ్చా?
– జూనియర్ న్యాయవాది, జయనగర్

జవాబు: తీయించండి. ముందు ప్రతి పేజీకీ వరుస నంబరు వేసి, ఓసీఆర్ (స్కాన్ బొమ్మలోని అక్షరాలను వెతకగలిగే పాఠంగా మార్చడం) చేయించండి. కన్నడ పత్రాలు విడిగా ఉంచండి. చేతిరాత, రబ్బరు స్టాంపులను ఓసీఆర్ తరచూ తప్పు చదువుతుంది. అన్నీ ఒకేసారి ఎక్కిస్తే మధ్య పేజీలు జారిపోవచ్చు. ఒక్కో పత్రానికీ తేదీ, ఎవరు ఎవరికి రాశారు, విషయం, పేజీ నంబరు అడగండి. నంబరు చూపని వాక్యాన్ని నిర్దాక్షిణ్యంగా కొట్టేయండి. 'చెల్లించలేదు' కాస్తా 'చెల్లించారు' అయితే కేసే తలకిందులు! క్లయింటు రహస్య పత్రాలను ఉచిత యాప్‌లలో పెట్టకండి.

ఎదుటిపక్షం పత్రాల తనిఖీ ముగిశాక, కోర్టు గడువు పెంచకపోతే, 15 రోజుల్లో దాఖలు చేయాల్సిన ఒప్పుకోలు–నిరాకరణ పట్టికను (ఏ పత్రాన్ని ఒప్పుకుంటున్నారో, దేన్ని నిరాకరిస్తున్నారో చెప్పేది) మాత్రం సారాంశం చూసి రాయొద్దు. కారణం చెప్పని నిరాకరణ అక్కడ సాధారణంగా చెల్లదు, మూలపత్రం చదవాల్సిందే.