పాఠకుల సందేహాలు: వెండర్ ఫోల్డరులో చేయి పెట్టవద్దు

ప్రశ్న: బరంపురంలో పట్టుచీరల దుకాణాలకూ, రెండు లాడ్జీలకూ, ఒక ట్యూషన్ సెంటరుకూ పీహెచ్‌పీ భాషలో వెబ్‌సైట్లు చేసి ఇచ్చాను. ప్రతిసారీ పాత సైటును కాపీ చేసి, పేరూ రంగులూ మార్చేవాడిని. ఈమధ్య విచారణ ఫారంలో ఒక తప్పు బయటపడితే ఏడు చోట్ల సరిదిద్దవలసి వచ్చింది. అందులో రెండు చోట్ల మరిచిపోయాను. పీహెచ్‌పీ సైట్లకు సిద్ధంగా దొరికే చట్రమైన లారావెల్‌కు మారి, ఉమ్మడి భాగాలను లైబ్రరీలుగా (పలు సైట్లు వాడుకునే విడి కోడ్‌గా) చేసుకోవాలనుకుంటున్నాను. దేనిని చేయాలి? ఎలా చేయాలి?
— ఒక పాఠకుడు, బరంపురం, గంజాం జిల్లా

జవాబు: ముందుగా దేనిని చేయకూడదో చెబుతాను. మీ ఏడు సైట్లలోనూ ఒకేలా ఉన్నది విచారణ ఫారం, ఫొటోల గ్యాలరీ, అడ్మిన్ లాగిన్ మాత్రమే అయి ఉంటుంది. చీర నేత రకం, లాడ్జి గది అద్దె, ట్యూషన్ బ్యాచ్ వేళలు ఒకదానితో ఒకటి పొసగవు. వాటన్నిటికీ కలిపి ‘వస్తువు’ అనే ఒకే టేబుల్ తయారుచేసే ఉత్సాహం మొదట్లో అందరికీ వస్తుంది, నాకూ వచ్చింది. ఆరు నెలలకు ఆ టేబుల్‌లో సగం కాలమ్‌లు ఖాళీగా మిగిలాయి. ఒక పని మూడో సైటులోనూ మార్పు లేకుండా అవసరమైనప్పుడే దానిని లైబ్రరీగా విడదీయండి.

విచారణ ఫారంతో మొదలుపెట్టండి. దానికి విడిగా ఒక ఫోల్డరు, అందులో కంపోజర్ (లైబ్రరీలను సైటుకు తెచ్చిపెట్టే సాధనం) చదివే సొంత కంపోజర్ డాట్ జేసన్ ఫైలు, లైబ్రరీని సైటుకు పరిచయం చేసే ఒక సర్వీస్ ప్రొవైడర్ క్లాసు ఉండాలి. రూట్లు (పేజీల చిరునామాలు), వ్యూలు (పేజీల రూపాలు), మైగ్రేషన్లు (డేటాబేసు టేబుళ్లను తయారుచేసే ఫైళ్లు) ఎక్కడున్నాయో లారావెల్‌కు చెప్పేది ఆ ప్రొవైడరే. లారావెల్ 5.5 వెర్షన్ నుంచి లైబ్రరీ తన కంపోజర్ ఫైలులో ప్రొవైడర్ పేరు రాసుకుంటే అది దానంతటదే నమోదవుతుంది. రాస్తున్నంత కాలం కంపోజర్‌లో ‘పాత్’ రకం రిపాజిటరీ (కోడ్ తెచ్చుకునే చోటు) పెట్టుకుంటే మీ కంప్యూటర్‌లోని ఫోల్డరే నేరుగా సైటుకు అతుక్కుంటుంది; పని కుదుటపడ్డాక కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్‌లో ప్రైవేటు రిపాజిటరీలోకి మార్చి, వెర్షన్ ట్యాగులు (1.2.0 వంటి గుర్తులు) వేయండి.

ఆ ట్యాగుల అంకెలను తేలికగా తీసుకోవద్దు. సైటు కంపోజర్ ఫైలులో ‘క్యారెట్ 1.2’ (^1.2) అని రాస్తే 1.2 మొదలుకొని 2.0 రాకముందు వరకు ఏ వెర్షన్ అయినా పనికివస్తుందని అర్థం. కాబట్టి తప్పు దిద్దితే చివరి అంకెనూ, పాత సైట్లకు ఇబ్బంది కలగకుండా కొత్త సదుపాయం చేర్చితే మధ్య అంకెనూ, పాత సైటు ఆగిపోయే మార్పు చేస్తే మొదటి అంకెనూ పెంచాలి. మీ కంప్యూటర్‌లో కంపోజర్ అప్‌డేట్ నడిపి, సరిచూసుకొని, లాక్ ఫైలును (ఏ వెర్షన్లు దిగాయో కంపోజర్ రాసిపెట్టే ఫైలు) గిట్‌లో చేర్చండి. సర్వర్‌లో మాత్రం కంపోజర్ ఇన్‌స్టాల్ మాత్రమే నడపాలి, ఎందుకంటే మీరు పరీక్షించిన వెర్షన్లనే అది లాక్ ఫైలు చూసి తెస్తుంది.

ఇక అసలు చిక్కు దుకాణదారుడి నుంచి వస్తుంది. ‘ఫారంలో చీర రంగు కూడా అడగండి’ అంటాడు, మీరు తొందరలో, కంపోజర్ లైబ్రరీలను దించే వెండర్ ఫోల్డరులోని ఫైలు తెరిచి ఒక గడి చేరుస్తారు, ఆ లైబ్రరీకి కొత్త వెర్షన్ దిగిన రోజున ఆ గడి మాయమవుతుంది. అలా చేయనవసరం లేకుండా లైబ్రరీలోనే తలుపులు వదలాలి. అడగవలసిన గడుల జాబితాను సైటు అమరికలుండే కాన్ఫిగ్ ఫైలులో ఉంచండి. రూపం మార్చాలంటే సైటులోని రిసోర్సెస్, వ్యూస్, దాని లోపల వెండర్ అనే ఫోల్డరులో అదే పేరుతో వ్యూ పెడితే లారావెల్ ముందు దానినే చూస్తుంది (పేరు ఒకటే అయినా ఇది వేరే వెండర్, ఇందులో నిస్సంకోచంగా మార్పులు చేయవచ్చు). ఫారం అందగానే లైబ్రరీ ఒక ఈవెంట్ (‘ఫారం అందింది’ అనే కబురు) మాత్రం ప్రకటించాలి. దానిని విని ఈమెయిల్ పంపాలా, ఎస్సెమ్మెస్ పంపాలా అన్నది సైటు చూసుకుంటుంది. లైబ్రరీ కోడ్‌లో ఎక్కడైనా దుకాణం పేరు కనిపించిందంటే విభజన సరిగ్గా జరగలేదని అర్థం.

ప్రశ్న: మా సైటు తెలుగు, ఒడియా, ఇంగ్లీషు భాషల్లో ఉంది. వార్తల జాబితాలో శీర్షికను 30 అక్షరాలకు కత్తిరించే లైబ్రరీ ఇంగ్లీషులో బాగానే పనిచేస్తున్నా, తెలుగులో, ఒడియాలో చివర ప్రశ్నార్థకపు గుర్తులు చూపిస్తోంది. ఎందుకు?
— ఒక పాఠకురాలు, పర్లాకిమిడి, గజపతి జిల్లా

జవాబు: ఆ లైబ్రరీ అక్షరాలను కాక, కంప్యూటర్ నిల్వకు కొలతలైన బైట్లను లెక్కపెడుతోంది. మీ ఊరి పేరునే తీసుకోండి: ‘పర్లాకిమిడి’ చదివేవారికి ఐదు అక్షరాలు, యూనికోడ్‌కు 11 సంకేతాలు, ఆ సంకేతాలను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో 33 బైట్లు. పీహెచ్‌పీలో పొడవు చెప్పే ఫంక్షన్లలో స్ట్ర్‌లెన్ 33 అంటుంది, ఎంబీ స్ట్ర్‌లెన్ 11 అంటుంది. ఒడియా సంకేతాలకూ మూడేసి బైట్లే. మీ లైబ్రరీ ఒక సంకేతాన్ని నడుమ తెంపుతున్నందున ఆ గుర్తులు వస్తున్నాయి. సంకేతాల లెక్కన కత్తిరించే ఎంబీ సబ్‌స్ట్ర్ వాడితే అవి పోతాయి గాని, ‘ర్లా’ నుంచి వత్తు ఊడిపోయే ప్రమాదం మిగులుతుంది. అందువల్ల మాట మధ్యలో కాక, పరిమితికి ముందున్న ఖాళీ దగ్గర కత్తిరించే చిన్న ఫంక్షన్ రాసి, మీ సైటులో అన్ని చోట్లా దానినే పిలవండి.