‘ది అన్‌టచబుల్స్’ (1987) చూడొచ్చా? చరిత్ర తప్పులున్నా నేను చూడమనే అంటాను

మీరు అడిగింది ఇదీ: ‘ది అన్‌టచబుల్స్’ అద్భుతమని కొందరంటున్నారు, చరిత్రకి సంబంధం లేని కట్టుకథ అని ఇంకొందరంటున్నారు, ఎవరి మాట నమ్మి రెండు గంటలు కూర్చోవాలి?

కూర్చోండి. తప్పకుండా చూడండి. రెండు వర్గాలు చెప్పేదాంట్లోనూ నిజం ఉంది, కానీ ఇద్దరూ పెద్దగా పట్టించుకోని సంగతి ఒకటుంది. నేను అకౌంట్స్, ఆడిట్ పనిలో ఉన్నాను, పైగా ఉండేది షికాగో పక్కన అరోరాలో, కాబట్టి నాకు ఎప్పుడు చూసినా ముందు అదే కనబడుతుంది. దాని దగ్గరికి వస్తాను.

(కథ కొంత బయటపడుతుంది, చూడకముందు తెలియకూడదనుకుంటే ఇక్కడే ఆగండి.)

అమెరికాలో 1920 జనవరి నుంచి 1933 డిసెంబర్ దాకా దేశమంతా మద్యనిషేధం. షికాగోలో దొంగసారా వ్యాపారం అల్ కపోన్ చేతిలో ఉంటుంది, అతన్ని పట్టుకోడానికి ఎలియట్ నెస్ అనే కుర్ర అధికారి లంచానికి లొంగని ముగ్గురిని కలుపుకుని నలుగురి జట్టు కడతాడు. కపోన్‌గా రాబర్ట్ డి నీరో, నెస్‌గా కెవిన్ కాస్ట్‌నర్, ముసలి బీట్ పోలీసు మలోన్‌గా షాన్ కానరీ. దర్శకుడు బ్రయాన్ డి పాల్మా, సంగీతం ఎన్నియో మోరికోన్. ఇంతే కథ.

ఇక్కడి తెలుగు స్నేహితులతో కలిసి చూసినప్పుడు అందరూ ఒక్కటైంది రైల్వే స్టేషన్ మెట్ల సీన్ దగ్గరే. కపోన్ లెక్కలు రాసే మనిషి రైలెక్కి పారిపోబోతుంటాడు, నెస్ పైన కాపలా కాస్తుంటాడు, ఒక తల్లి పసిబిడ్డ ఉన్న బండినీ సామాన్లనీ ఒక్కో మెట్టూ లాక్కుంటూ పైకొస్తుంటుంది. ఇది సోవియట్ దర్శకుడు ఐజెన్‌స్టీన్ 1925లో తీసిన సినిమా ‘బ్యాటిల్‌షిప్ పొటెంకిన్’లోని మెట్ల సీన్‌కి నివాళి. ‘మరీ సాగదీశాడు, స్లో మోషన్ ఎక్కువైంది’ అనేవాళ్లు ఉన్నారు. నేను ఒప్పుకోను. ఆఫీసుకి మెట్రా అనే లోకల్ రైల్లో వచ్చి, ఆ సీన్ తీసిన యూనియన్ స్టేషన్‌లో దిగుతుంటాను కాబట్టి ఆ మెట్లు నాకు బాగా తెలుసు, ఎంత నెమ్మదిగా నడిచినా అర నిమిషంలో దిగిపోవచ్చు. అంత చిన్న చోటులో అంత టెన్షన్ పుట్టించాడంటే అది తుపాకులు పేలాక వచ్చింది కాదు, అంతకు ముందు గడియారం చూస్తూ ఎదురుచూసే ఆ నిమిషాల్లో వచ్చింది. సాయం చేస్తే పట్టుబడతాం, చేయకపోతే బిడ్డ మధ్యలో ఇరుక్కుంటుంది, ఆ ఇరకాటంలో నెస్ ముఖం చూడండి. 2016లో ఆ మెట్ల రాయి కొత్తగా వేశారు, ఇప్పటికీ జనం అక్కడ ఆగి ఫొటోలు దిగుతుంటారు.

కానరీ యాస మీద గొడవ ఎప్పుడూ ఉండేదే. ఐరిష్ మూలాలున్న షికాగో పోలీసు స్కాట్లండ్ యాసలో మాట్లాడతాడని ఇంగ్లిష్ ప్రేక్షకులు ఏడిపిస్తారు. అయినా ఉత్తమ సహాయ నటుడిగా ఆస్కార్ ఇచ్చారు, ఆయన జీవితంలో అదొక్కటే ఆస్కార్. మనలాంటివాళ్లకి ఆ యాస తేడా అంతగా తెలియదు, మనకి కనిపించేది నిజాయితీగా ఉన్నందుకే ముసలితనం దాకా బీట్ డ్యూటీలోనే మిగిలిపోయిన ఒక మనిషి. అలాంటివాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. చర్చిలో కూర్చుని, కపోన్‌ని పట్టుకోవాలంటే ఎంతదాకా వెళ్తావని నెస్‌ని అడిగే సీన్ ఒక్కటి చాలు.

డి నీరో మీద మాత్రం అభిప్రాయాలు బాగా చీలిపోయాయి. షికాగో విమర్శకుడు రోజర్ ఈబర్ట్‌కి కూడా ఈ కపోన్ నచ్చలేదు, సినిమాకి నాలుగింట రెండున్నర స్టార్లే ఇచ్చాడు. కనిపించేది తక్కువసేపు, కనిపించినప్పుడల్లా ఏదో ప్రదర్శన ఇస్తున్నట్టుంటాడు అనేది ఫిర్యాదు. నాకు అది సరిగ్గా కుదిరిందనిపిస్తుంది, అసలు కపోన్ విలేకరుల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని మాట్లాడటం ఇష్టపడిన మనిషే.

ఇప్పుడు చరిత్ర. తప్పులున్నాయి, చిన్నవేం కాదు. సినిమాలో నెస్ కోర్టు పైకప్పు మీంచి కపోన్ ముఠా మనిషి ఫ్రాంక్ నిటీని తోసేస్తాడు. నిజంగా నిటీ పన్ను కేసులో కొంతకాలం జైలుకెళ్లి, వచ్చాక ముఠా పగ్గాలు తీసుకుని, 1943లో తనే కాల్చుకుని చనిపోయాడు. సినిమా నెస్‌కి పెళ్లాం, కూతురు. ఆ రోజుల్లో అసలు నెస్‌కి పిల్లలే లేరు. జడ్జి జ్యూరీని మార్చేయడం అబద్ధమనుకుంటారు చాలామంది, అది మాత్రం జరిగింది, కాకపోతే విచారణ మొదట్లో. ఇదంతా ఎందుకిలా తయారైందంటే, సినిమాకి మూలం నెస్ పేరుతో ఆస్కర్ ఫ్రేలీ అనే విలేకరి రాసిన 1957 పుస్తకం. అది బయటికి వచ్చేలోపే నెస్ చనిపోయాడు, తర్వాత టీవీ సీరియల్ వచ్చి ఆ పేరు ఇంకా పెద్దదైపోయింది.

నా అసలు బాధ వేరే ఉంది. కపోన్ జైలుకెళ్లింది సారా కేసులో కాదని అందరికీ తెలుసు, కానీ ఎలా వెళ్లాడో ఎవరూ అడగరు. అతను ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్ ఒక్కటి కూడా వేయలేదు, తన పేరు మీద బ్యాంకు ఖాతా ఉంచుకోలేదు. అక్రమ వ్యాపారంలో వచ్చిన ఆదాయం మీద కూడా పన్ను కట్టాల్సిందేనని 1927లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది, సరే, మరి ఆదాయం ఉందని రుజువు చేసేదెలా? ఫ్రాంక్ విల్సన్ అనే పన్ను శాఖ దర్యాప్తు అధికారి పాత కాగితాలు తిరగేస్తూ తిరగేస్తూ, షికాగో పక్కనున్న సిసరో ఊళ్లో 1926లో జరిగిన దాడిలో పట్టుకుని మూలన పడేసిన లెడ్జర్లు బయటికి తీశాడు. అవి జూదశాల లెక్కలు. లాభం ఎవరెవరికి ఎంత పంచారో అందులో ఉంది. ఆ చేతిరాత ఎవరిదో పోల్చుకుంటూ వెళ్లి, లెస్లీ షమ్‌వే అనే గుమాస్తాని ఫ్లోరిడాలో పట్టుకున్నారు. ఇంకా విచిత్రం, పన్ను శాఖతో రాజీ చేసుకుందామని కపోన్ లాయరే 1930లో ఒక ఉత్తరం రాసి తన క్లయింటుకి ఇంతింత ఆదాయం ఉందని ఒప్పుకున్నాడు, కోర్టులో అది సాక్ష్యంగా నిలబడింది! 1931 అక్టోబరులో పదకొండేళ్ల శిక్ష, 50,000 డాలర్ల జరిమానా. నెస్ జట్టు కష్టపడి కూర్చిన మద్యనిషేధం కేసు విచారణకే రాలేదు.

సినిమాలో ఈ పన్ను సంగతి పట్టుకునేది ఆస్కర్ వాలెస్ అనే కళ్లజోడు అకౌంటెంట్. మొదట అతన్ని చూసి నవ్వుకునేలా పెట్టారు, తర్వాత తుపాకీ ఇచ్చి హీరోని చేశారు, ఆ తర్వాత లిఫ్టులో చంపేశారు. అతను పోయాక లెక్కల కథ కూడా సన్నబడిపోయింది, గుమాస్తాని స్టేషన్‌లో పట్టుకోవడమొక్కటే మిగిలింది. నాకిది తీరని లోటు. ఒక కంపెనీ ఆడిట్‌లో వేర్వేరు సప్లయర్ల పేరుతో ఉన్న వోచర్లన్నిటి మీదా ఒకే చేతిరాత కనబడి నా గుండె దడదడలాడిన రోజు ఉంది. ఎవరికీ చెప్పకుండా మళ్లీ మొదటి నుంచీ వోచర్లు తిరగేశాను, గదిలో అందరూ మామూలుగా టీ తాగుతున్నారు. ఆ ఉత్కంఠ తెర మీద చూపించలేనిదేమీ కాదు, ఇంత చేయి తిరిగిన డి పాల్మా చూపించగలిగేవాడు.

మా నాన్నగారు ఇక్కడికొచ్చినప్పుడు చూపించాను. ఆయనకి నచ్చింది కెనడా సరిహద్దు వంతెన దగ్గర లారీలు పట్టుకునే సీన్. 1995లో మన ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ మద్యనిషేధం పెట్టినప్పుడు పక్క రాష్ట్రాల నుంచి సరుకు ఎలా వచ్చేదో చెప్పుకొచ్చారు, 1997లో ఎత్తేసేదాకా ఏ ఊళ్లో అడిగినా దొరికేదట. ‘సరిహద్దులో పట్టుకుంటే ఏం లాభం, డబ్బు ఎవరి చేతికి చేరుతుందో అది కదా చూడాలి’ అన్నారు. విల్సన్ చేసింది సరిగ్గా అదే.

పైకప్పు సీన్ దగ్గర మా ఇంట్లో పెద్ద వాదన నడిచింది. మా స్నేహితుడొకడు ఈల వేశాడు, మా ఆవిడకి మాత్రం కోపమొచ్చింది, చట్టం కోసం ఇంతదూరం వచ్చినవాడు చేతికి చిక్కినవాణ్ణి తోసేస్తే ఇక తేడా ఏముందని. నేను ఆవిడ వైపే. చరిత్రలో అలా జరగలేదన్నది నాకు రెండో సంగతి. చర్చిలో మలోన్ అడిగిన ప్రశ్నకి ఇదే జవాబైతే ఆ తర్వాత నెస్ దాంతో ఎలా బతికాడో కాసేపైనా చూపించాలి, సినిమా ఆ బరువు మోయకుండా ముగింపుకి పరిగెత్తింది.

అయినా చూడమనే చెప్తాను. గ్యాంగ్‌స్టర్ల లోపలి జీవితం, వాళ్ల కుటుంబాలు కావాలనుకుంటే ఇందులో దొరకదు. మంచి చెడుల మధ్య గీత గీసి చెప్పే పాతకాలపు పోలీసు కథ ఇది. ఫోన్‌లో చూడకండి, మోరికోన్ సంగీతం మంచి స్పీకర్లలో వినాలి. సబ్‌టైటిల్స్ పెట్టుకోండి, కానరీ మాటలు కొన్ని జారిపోతాయి. చిన్నపిల్లలు పక్కనుంటే వద్దు, బేస్‌బాల్ బ్యాట్ సీన్, లిఫ్టు సీన్ రెండిట్లోనూ రక్తం బాగా ఉంది.