చెరువులోకి దిగే ముందు

చిరంజీవి శ్రీధర్‌కు బాబాయి ఆశీస్సులు.

నువ్వు ఉద్యోగం మానేసి రొయ్యల చెరువులు లీజుకు తీసుకుంటున్నావని మొన్న రాత్రి మీ నాన్న ఫోన్లో చెప్పాడు. చెప్పి కాసేపు ఊరుకున్నాడు. నేనూ ఊరుకున్నాను. ఎందుకు ఊరుకున్నామో నీకు తెలియదు, అందుకే ఈ ఉత్తరం. ఫోన్లో అయితే నేను కోప్పడతాను, నువ్వు "సరే బాబాయ్" అంటావు, మాట అక్కడితో ఆగిపోతుంది.

ముందుగా, నాకు గర్వంగా ఉంది. పన్నెండేళ్లు బెంగళూరులో కంప్యూటర్ ముందు కూర్చున్నవాడివి, ఏడాదిగా సెలవు దొరికినప్పుడల్లా వచ్చి గట్ల వెంట తిరిగావు. మేత వేసే కుర్రాళ్ల పక్కన కూర్చుని పని నేర్చుకున్నావు. నేను దిగినప్పుడు అంత ఓపిక పట్టలేదు.

తేలిక సంగతులు చెప్పేస్తాను. కేంద్ర ప్రభుత్వ కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీలో నమోదైన హేచరీ సీడే, అంటే రొయ్య పిల్లలే, తెచ్చుకో. తెగులు ఉందో లేదో తేల్చే పీసీఆర్ పరీక్ష రిపోర్టు చూడకుండా ఒక్క పిల్లను కూడా నీళ్లలో వదలకు. లీజు కాగితం మీద ఉండాలి. ఎండ్రకాయలు రాకుండా చుట్టూ వల కట్టించు. జనరేటర్ తప్పనిసరి, తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా తగ్గుతుంది, ఆ వేళ నీళ్లు చిలికి గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే నాలుగు నెలల కష్టం పోతుంది. ఉద్యోగంతో పాటు ఆసుపత్రి బీమా కూడా పోతుంది కాబట్టి రాజీనామాకు ముందే సొంతంగా తీసుకో. ఏడాది ఇంటి ఖర్చు వేరే ఖాతాలో ఉండాలి, మేతకు ఎంత ఇబ్బందైనా అది ముట్టుకోకు. ధర మన చేతిలో ఉండదు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి చేర్చింది. గట్టు మీది రైతు దానికి ఏం చేయగలడు?

ఇక నా సంగతి. బాబాయి రొయ్యల్లో నష్టపోయాడని మన ఇంట్లో అందరికీ తెలుసు. ఎలా నష్టపోయానో మీ నాన్నకు, పిన్నికి తప్ప ఎవరికీ తెలియదు.

1993లో బ్యాంకులో గుమస్తా ఉద్యోగానికి రాజీనామా ఇచ్చాను. అప్పట్లో నెల్లూరు వైపు టైగర్ రొయ్య అంటే బంగారం. కండలేరు ఉప్పుటేరు పక్కన నాలుగెకరాలు తీసుకున్నాను. మొదటి పంట 30 కౌంట్‌కు, అంటే కిలోకు ముప్పై రొయ్యలు తూగే సైజులో, పట్టాము. ఆ డబ్బుతో పిన్నికి రెండు పేటల గొలుసు చేయించాను. అందరూ నా ధైర్యాన్ని మెచ్చుకున్నారు.

1994 చివర్లో వైట్ స్పాట్ వచ్చింది, రొయ్యలకు వచ్చే తెల్లమచ్చల తెగులు. ముందు మేత తగ్గింది. మేత తింటున్నాయో లేదో చూసే చెక్‌ట్రే ఎత్తితే వేసింది వేసినట్టే ఉంది. మర్నాటికి రొయ్యలు గట్టువారకు వచ్చి నీళ్ల పైపైన మందకొడిగా తిరుగుతున్నాయి. కాకులు, కొంగలు వాలాయి. ఒక రొయ్యను పట్టుకుని, తల మీది పెంకు ఒలిచి, టార్చిలైటు వెలుగుకు అడ్డంగా పెట్టి చూశాను. సున్నం చిలకరించినట్టు తెల్లటి చుక్కలు. గోటితో గీకితే పోలేదు. వారం తిరగకుండా చెరువంతా తేలిపోయింది. దానికి అప్పుడూ మందు లేదు, ఇప్పుడూ లేదు.

అది నా తప్పు కాదు నాన్నా. ఆ ఏడు ఎంతమంది చెరువులు పోయాయో. నా తప్పు ఆ తర్వాతిది. ఇంటికి వెళ్లి పిన్నితో "ఈసారి కాస్త తగ్గింది" అన్నాను. చుట్టుపక్కల వాళ్లు చెరువులు ఎండగట్టి, సున్నం చల్లి, ఓపిక పట్టారు. ఆగితే ఉద్యోగం వదలడం పొరపాటని ఒప్పుకున్నట్టవుతుందని నేను ఆగలేదు. ఇరవై రోజులకే, అడుగు బీటలైనా తీయకముందే, నీళ్లు పెట్టి మళ్లీ సీడ్ వదిలాను. ఆ డబ్బు మీ నాన్నది. మీ అక్క చదువుకూ పెళ్లికీ అని పోస్టాఫీసులో దాచిన డబ్బు. "పంట బాగుంది అన్నయ్యా, మేతకే కాస్త తక్కువైంది" అని అడిగి తెచ్చుకున్నాను. అప్పుడు నీకు నాలుగేళ్లు, ఆయన ఒళ్లో కూర్చుని నా వైపు చూస్తున్నావు.

నలభై రోజులకు అదీ పోయింది. మీ నాన్న కబురు విని బస్సు దిగి నేరుగా చెరువు దగ్గరికి వచ్చాడు. గట్టు మీద చాలాసేపు నిలబడ్డాడు. "ముందే చెప్పి ఉంటే డబ్బు ఇచ్చేవాణ్ణి కాదురా, వచ్చి నీ పక్కన కూర్చునేవాణ్ణి" అన్నాడు. ముప్పై ఏళ్లు దాటాయి, మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఎరువుల దుకాణంలో లెక్కలు రాస్తూ ఆ బాకీ తీర్చడానికి నాకు తొమ్మిదేళ్లు పట్టింది. పిన్ని గొలుసు ఎప్పుడో పోయింది.

ఉద్యోగం వదలడానికి ధైర్యం చాలడం లేదని మీ నాన్నతో అన్నావట. రాజీనామా కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు నా చెయ్యి వణకలేదు శ్రీధర్. పిన్నితో "పోయింది" అనే ఒక్క మాట చెప్పడానికి నోరు పెగల్లేదు. నీ విషయంలో నాకున్న భయమల్లా అదే. ఇప్పుడు మీరు వేసే వనామి రకం రొయ్య నాలుగు నెలల్లో చేతికొస్తుంది. ఒక పంట పోతే వెంటనే ఇంకొకటి వేసి పూడ్చేద్దామనే తొందర నీకు నాకంటే ఎక్కువగా కలుగుతుంది.

అప్పు తీసుకుంటున్న సంగతి స్వాతికి ఇంకా చెప్పలేదట! ఎందుకు చెప్పలేదు? ఇక నెలనెలా ఇల్లు నడిచేది ఆ అమ్మాయి జీతంతో. పాప బడి ఫీజు కట్టేది ఆమె. ఆమె వద్దంటుందని భయమా? వద్దంటే ఎందుకు వద్దంటుందో కూర్చుని విను. ఈ ఉత్తరం చదవడం అవగానే చెప్పు, శనివారం దాకా ఆగకు. కోపంగా రాశాననుకోకు. ఆ గట్టు మీద మీ నాన్న నిలబడినట్టు రేపు ఇంకెవరూ నిలబడకూడదని రాశాను.

చెప్పాక ఇద్దరూ కూర్చుని ఒక కాగితం మీద రాయండి. ఎన్ని పంటలు చూస్తారు, ఎంత పోతే ఆపేస్తారు. మాటల్లో కాదు, అంకెల్లో. చెరువు పోతే ఎండగట్టకుండా నీళ్లు పెట్టనని కూడా రాయి. ఇప్పుడు తల చల్లగా ఉంది, ఇప్పుడే రాయగలవు.

వచ్చే ఆదివారం ముగ్గురూ రండి. నీళ్లూ మట్టీ నీతో పాటు నేనూ చూస్తాను, గట్టు ఎక్కడానికి మోకాళ్లు ఇంకా సహకరిస్తున్నాయి. ఆ కాగితం మాత్రం స్వాతి దగ్గరే ఉంచు. నాకివ్వకు. నువ్వు వచ్చి "ఇంకొక్క పంట బాబాయ్" అంటే నేను కాదనలేను.

ఆశీస్సులతో,
బాబాయి