కుక్కపిల్ల అరుపు వినపడినా బండి ఆపలేకపోయాను

ప్రశ్న: మాది విజయవాడ. నాకు 38 ఏళ్లు. ఏడేళ్లుగా మా కాలనీలోని వీధికుక్కలకు రోజూ రాత్రి అన్నం పెడుతున్నాను, దెబ్బలు తగిలినవాటిని ఇంటికి తెచ్చి వైద్యం చేయిస్తున్నాను. మొన్న వానాకాలంలో తెచ్చిన ఐదు కుక్కపిల్లలకు పార్వో అనే వైరస్ జబ్బు సోకి, వారంలోనే అన్నీ పోయాయి. వాటికి పేర్లు పెట్టింది మా అమ్మాయి. చివరిదాన్ని తేకుండా ఉంటే మిగతావి బతికేవేమో! వాటిని చుట్టిన తువ్వాలు ఇప్పటికీ బాల్కనీలోనే ఉంది, ముట్టుకోబుద్ధి కావడం లేదు. ఏడుపు కూడా రావడం లేదు. ఎవరైనా ఫోన్ చేసి "ఇక్కడొక కుక్కపిల్ల ఉంది" అంటే ఒళ్లు మండిపోతోంది. పోయిన వారం బందరు రోడ్డులో దెబ్బ తగిలి అరుస్తున్న కుక్కపిల్లను చూసి కూడా బండి ఆపలేదు. మావారు మానెయ్యమంటున్నారు. మా అమ్మాయి "నువ్వు కుక్కలకే అమ్మవి" అంది. ఒక్కోసారి పొద్దున్నే మెలకువ రాకపోతే బాగుండుననిపిస్తోంది. నా మనసు బండబారిపోయిందా?

జవాబు: అమ్మా, ఏదో మామూలు మాటలా చివర్లో రాసిన "మెలకువ రాకపోతే బాగుండును" అన్న వాక్యంతోనే మొదలుపెడతాను. ఆ మాట ఈ రోజే మీవారికి చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ ఉచిత నంబరు 14416కు రాత్రయినా పగలైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆ తలపు మళ్లీ మళ్లీ వస్తున్నా, ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన దాకా వెళ్లినా ఇంకేమీ ఆలోచించకుండా వెంటనే సైకియాట్రిస్టును కలవాలి. మిగిలినదంతా దీని తరవాతే.

మీ మనసు బండబారలేదు. బండబారిన మనసుకు ఆ రోజు వెళ్లింది ఏ రోడ్డో గుర్తుండదు. మీకున్నది కంపాషన్ ఫెటీగ్ లాగా కనిపిస్తోంది. అంటే, ఇతరుల బాధను రోజూ దగ్గరనుంచి చూస్తూ, చూసినప్పుడల్లా స్పందిస్తూ వచ్చిన మనసు ఒక దశలో స్పందించడమే మానేయడం. 1992లో అమెరికాలో కార్లా జాయిన్సన్ నర్సుల గురించి రాస్తూ ఈ మాట వాడారు. తరవాత అది పశువైద్యులకూ, జంతువుల సంరక్షణ చేసేవారికీ అంతే సరిగ్గా సరిపోతుందని తేలింది. ఏడుపు రాకపోవడం, ఫోన్ మోగితే చిరాకు, చూసి కూడా తల తిప్పుకోవడం దాని లక్షణాలే తప్ప మీ గుణం కాదు.

జంతువులను చూసుకునేవారికి అదనంగా మరో బరువు ఉంటుంది. ఇంట్లో మనిషి పోతే నలుగురూ వస్తారు, పక్కింటివాళ్లు అన్నం వండి తెస్తారు, పదకొండో రోజు దాకా ఏదో ఒక తంతు మనల్ని నడిపిస్తుంది. ఒకే వారంలో మీ ఇంట్లో ఐదు ప్రాణాలు పోతే, మీరు మర్నాడు మామూలుగా లేచి వంట చేసి పనికి వెళ్లిపోయారు. ఎవరికైనా చెప్పుకుంటే "కుక్కపిల్లలే కదా" అంటారన్న జంకు కొద్దీ మింగేసిన దుఃఖం అది, ఎక్కడికీ పోలేదు.

చివరిదాన్ని తేవడం గురించి నేను మీకు అబద్ధపు ఓదార్పు చెప్పను. పార్వో సోకిన కొన్ని రోజులకు గానీ వాంతులు, విరేచనాలు మొదలుకావు కనుక, ఏది ఎక్కడ అంటించుకొని వచ్చిందో ఇప్పుడు ఎవరూ తేల్చలేరు. టీకా పడని పిల్లలకు అది సోకితే, సెలైన్ ఎక్కించి వాంతులు ఆపే మందులు వాడినా కొన్నిసార్లు నిలవవు. ఆసుపత్రిలో కూడా పోతాయి.

ఆ క్రిమి నేలమీదా గుడ్డలమీదా నెలల తరబడి బతుకుతుంది. కాబట్టి టీకాలు పూర్తికాని కుక్కపిల్లను ఇప్పట్లో మీ ఇంటికి తేకూడదు. ఫోన్ చేసినవారికి ఈ మాటే చెప్పండి: "మా ఇంట్లో పార్వో వచ్చింది, పిల్లలను తేకూడదు, దగ్గరలోని పశువైద్యశాలకు మీరే తీసుకెళ్లండి." "నాకు ఓపిక లేదు" అనడం మీకు చేతకాదని మీ ఉత్తరమే చెబుతోంది, ఇలా అనడం మాత్రం కుదురుతుంది. (మొదటి రెండుమూడుసార్లు గొంతు వణుకుతుంది, వణకనివ్వండి.) రాత్రి తొమ్మిది దాటాక ఫోన్ తీయకండి.

మీవారు అన్నట్టు ఒక్కసారిగా మానెయ్యమని నేను అనను, మానేస్తే ఇప్పుడున్న అపరాధభావానికి ఇంకొకటి తోడవుతుంది. అయితే ఆయన మాటలో న్యాయం లేకపోలేదు, ఇల్లే ఆసుపత్రిగా మారిపోయింది. అన్నం పెట్టే పనిని కాలనీలో ఇంకొకరితో పంచుకొని, వారానికి మూడు రాత్రులైనా ఇంట్లో ఉండండి. కొంత ఓపిక వచ్చాక, మీ వీధిలోని ఆడకుక్కలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్, రేబిస్ టీకా చేయించమని మున్సిపల్ కార్పొరేషన్‌ను అడగండి. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం అది స్థానిక సంస్థల బాధ్యత. ఒక ఆడకుక్క ఏడాదికి రెండుసార్లు ఈనగలదు. ఎన్ని పిల్లలను కాపాడినా తరగని పని మీది, ఆపరేషన్ అయిన గుర్తుగా అంచు కత్తిరించిన చెవులను మాత్రం వేళ్లమీద లెక్కపెట్టుకోవచ్చు. ఆ లెక్క మీకు చాలా అవసరం.

ఇక మీ అమ్మాయి సంగతి. "నువ్వు కుక్కలకే అమ్మవి" అన్న మాటను మీరు నిందగా తీసుకున్నారు. ఆ ఐదింటికీ పేర్లు పెట్టిన పిల్లను, అవి పోయాక ఎవరైనా ఒక్కసారి దగ్గర కూర్చోబెట్టుకున్నారా? తనూ మీలాగే మింగేసి ఉంటుంది. ఈ ఆదివారం ఇద్దరూ కలిసి బాల్కనీ శుభ్రం చేయండి. మామూలు ఫినాయిల్‌ను నమ్ముకోవద్దు, బ్లీచింగ్ నీళ్లతో కడగండి, తువ్వాలును చేతి తొడుగులతో తీసి సంచిలో కట్టి పారేయండి. ఆ పని చేస్తూ ఐదు పేర్లూ ఒక్కొక్కటిగా చెప్పమని అమ్మాయినే అడగండి. బహుశా మీకంటే ముందు తనే ఏడుస్తుంది. ఊరుకోబెట్టకండి, పక్కన కూర్చోండి.