అపార్ట్‌మెంట్ సందేహాలు: పైఫ్లాటు చెమ్మ నుంచి ఎస్టీపీ వాసన దాకా

ప్రశ్న: మా బాత్రూమ్ సీలింగ్ ఏడాదిగా కారుతోంది. పైఫ్లాటు ఆయన రెండుసార్లు టైల్స్ సందుల్లో తెల్ల సిమెంటు పెట్టించారు. అయినా ఆగలేదు. ఇక అసోసియేషనే చూసుకోవాలని ఆయన, ఇది మీ ఇద్దరి గొడవ అని అసోసియేషన్ వాళ్లు అంటున్నారు. ఖర్చు ఎవరిది?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో తేలితే గాని ఖర్చు ఎవరిదో తేలదు. అది తేలకుండానే రెండుసార్లు సిమెంటు పెట్టారు, అందుకే ఆగలేదు. అనుమానించాల్సినవి నాలుగు: గోడలో ఉన్న మంచినీళ్ల పైపు, నేల, నహానీ ట్రాప్ (నేల మీది నీళ్లు బయటికి పోయే జాలీ కింది గొట్టం), షాఫ్టులో (పైపుల కోసం వదిలిన నిలువు సందులో) కిందికి దిగే పెద్ద పైపు.

ముందు రెండు రోజులు చుక్కలు పడే వేళలు రాసి పెట్టండి. రాత్రీ పగలూ ఒకేలా పడుతుంటే మంచినీళ్ల పైపు మీద అనుమానం. స్నానాల వేళ తర్వాతే ఎక్కువైతే నేల గాని ట్రాప్ గాని. ఒక్క జాగ్రత్త: బాత్రూమ్ కింద పల్లంగా దించిన స్లాబులో నింపిన ఇటుక ముక్కలు నీటిని పట్టి ఉంచుతాయి. పైన వాడకం ఆపినా కొన్ని రోజులు చుక్కలు పడుతూనే ఉంటాయి. అందుకని ఒక్కరాత్రి వాల్వ్ కట్టేసి చూసి తీర్పు చెప్పకండి. పైఫ్లాటులో గీజర్ లైను విడదీసి, కుళాయిలన్నీ బిగించి, ప్లంబర్‌తో పైపులోకి ఒత్తిడితో నీళ్లు ఎక్కించే చేతిపంపు, ప్రెషర్ గేజ్ పెట్టించండి. అరగంటలో ముల్లు దిగితే పైపులోనే లీకు.

ముల్లు కదలకపోతే నేల వంతు. నహానీ ట్రాప్‌లో గుడ్డ గట్టిగా కుక్కి, నేల మీద అంగుళం లోతున నీళ్లు నిలపండి. గడప ఎత్తు చాలకపోతే చిన్న సిమెంటు గట్టు కట్టాలి. మిఠాయిల్లో వాడే రంగు ఆ నీళ్లలో కలిపి, 48 గంటలు ఆ బాత్రూమ్ వాడకుండా ఉంచాలి. మీ సీలింగ్‌లో రంగు కనబడితే నేలదే లోపం. 48 గంటలైనా కనబడకపోతే నీళ్లు తోడేసి, ఇంకో రంగు కలిపిన మూడు బకెట్లు నేరుగా ట్రాప్‌లో పోయండి. అప్పుడు రంగు దిగితే ట్రాప్ జాయింటు పోయినట్టు. అప్పుడూ రాకపోతే షాఫ్టు పైపు జాయింట్లు చూడాలి.

తెల్ల సిమెంటు ఎందుకు నిలవదంటే, అది ఆరేటప్పుడు కుంచించుకుని వెంట్రుకవాసి పగుళ్లిస్తుంది. అసలు నీటిని ఆపాల్సింది టైల్స్ కాదు, వాటి కింద స్లాబు మీద ఉండే వాటర్‌ప్రూఫింగ్ పూత. లోపం టైల్స్ సందుల వరకే ఉంటే, సందుల్ని 2–3 మిల్లీమీటర్లు గీకి, రెండు రోజులు ఆరబెట్టి ఎపాక్సీ గ్రౌట్ నింపితే సరిపోతుంది. పల్లపు స్లాబులో నీళ్లు నిండిపోయి ఉంటే మాత్రం తవ్వక తప్పదు. టైల్స్, ఇటుక ముక్కలు తీసి స్లాబు కడిగించాలి. పైపులు స్లాబును దాటే చోట కుంచించుకుపోని గ్రౌట్ పోయాలి. మూలలు గుండ్రంగా తిప్పి, రెండు కోట్లు ఒకదానికొకటి అడ్డంగా పూసి, గోడల మీదికి కనీసం అడుగు ఎక్కించాలి. షవర్ ఉన్న గోడకు ఆరడుగులు. పల్లం అడుగు నుంచి షాఫ్టులోకి ఒక చిన్న పైపు వదిలితే, తర్వాత ఎప్పుడైనా నీరు చేరినా బయటికి పోతుంది. ఇటుక ముక్కలు నింపకముందే 48 గంటలు నీళ్లు నిలిపి, కింద మీరు స్వయంగా చూశాకే ఒప్పుకోండి. మేస్త్రీలు ఎక్కువగా ఎగ్గొట్టే పని ఇదే.

ఖర్చు సంగతి: పైఫ్లాటు లోపలి పైపు, నేల, ట్రాప్ ఆ యజమానివి. షాఫ్టులో అందరికీ కలిసి ఉండే పైపు అసోసియేషన్‌ది. మీది రెరాలో (స్థిరాస్తి నియంత్రణ సంస్థలో) నమోదైన ప్రాజెక్టై, ఫ్లాట్లు అప్పగించి అయిదేళ్లు దాటకపోతే ఇద్దరూ తగువులాడుకోనక్కర్లేదు. రెరా చట్టం సెక్షన్ 14(3) ప్రకారం పనితనపు లోపాన్ని చెప్పిన 30 రోజుల్లో బిల్డరే ఉచితంగా బాగుచేయాలి. రంగు దిగిన ఫొటోలు జతచేసి రాతపూర్వకంగా పంపండి. మీ సీలింగ్‌కి పెయింటు మాత్రం లీకు ఆగి పూర్తిగా ఆరాకే.

ప్రశ్న: సముద్రానికి దగ్గరలో మా బిల్డింగు. పార్కింగ్ సీలింగ్ పెచ్చులు ఊడి కార్ల మీద పడుతున్నాయి. ఏటా ప్లాస్టరింగ్ చేయిస్తున్నాం. మళ్లీ అదే చోట ఊడుతోంది.
– అసోసియేషన్ కార్యదర్శి, విశాఖపట్నం

జవాబు: ప్లాస్టరింగ్ ఆపించండి. ఆ డబ్బు వృథా. సముద్రపు గాలిలోని ఉప్పు కాంక్రీటులోకి ఇంకి లోపలి చువ్వలను తుప్పు పట్టిస్తుంది. తుప్పు అసలు ఇనుముకన్నా రెండు నుంచి ఆరు రెట్లు చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికే పెచ్చు లేస్తుంది. పైన ఎంత సిమెంటు కొట్టినా లోపల తుప్పు పెరుగుతూనే ఉంటుంది.

ముందు చిన్న సుత్తితో సీలింగంతా తట్టి, బోలుగా మోగిన చోటల్లా సుద్దతో గీత గీయించండి. కంటికి కనబడేదానికన్నా ఆ భాగం పెద్దదే ఉంటుంది. పని మొదలుపెట్టే ముందు స్లాబుకు ఇనుప జాకీలు పెట్టించాలి. చెడిన కాంక్రీటును చువ్వ వెనక కూడా వేలు దూరేంత, అంటే 20–25 మిల్లీమీటర్లు, ఖాళీ వచ్చేదాకా చెక్కాలి. చువ్వ ముందు భాగమే శుభ్రం చేసి వదిలేస్తే వెనకవైపు తుప్పు మళ్లీ మొదలవుతుంది. వైర్ బ్రష్‌తో ఇనుము మెరిసేదాకా రుద్ది, అడ్డుకోత వైశాల్యంలో పావు వంతుకు మించి తినేసిన చువ్వల పక్కన కొత్తవి కలపాలి. ఎన్ని, ఎంత పొడవు అన్నది స్ట్రక్చరల్ ఇంజినీరు చెప్పాల్సిందే. తర్వాత చువ్వలకు జింక్ ప్రైమరు, పాత కాంక్రీటుకు బాండింగ్ కోటు, ఆ పైన పాలిమర్ మోర్టారు. మోర్టారు ఒకేసారి దట్టంగా కొడితే జారిపోతుంది. 10–12 మిల్లీమీటర్ల పొరలుగా వేయాలి. లోతు 50 మిల్లీమీటర్లు దాటితే ఫారమ్ (అచ్చు) కట్టి మైక్రోకాంక్రీటు (సన్న కంకర కాంక్రీటు) పోయాలి. ఏడు రోజులు తడపాలి.

పార్కింగ్ పైన డాబా గాని, తోటమడులు గాని ఉండి అక్కడి నుంచి నీరు దిగుతుంటే ముందు దాన్ని ఆపండి. నీరు ఆగకుండా కింద ఎంత చేసినా నిలవదు.

ప్రశ్న: మా గేటెడ్ కమ్యూనిటీలో ఎస్టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) నుంచి కుళ్లిన గుడ్ల వాసన వస్తోంది. కరెంటు బిల్లు తగ్గించాలని ఆరు నెలలుగా రాత్రి పూట బ్లోయర్లు (ట్యాంకుల్లోకి గాలి ఊదే యంత్రాలు) ఆపుతున్నాం. దానికీ దీనికీ సంబంధం ఉందా?
– ఒక కమిటీ సభ్యుడు, నల్లగండ్ల

జవాబు: ఉంది. మురుగును తినే బాక్టీరియాకు గాలి కావాలి. బ్లోయరు ఆగితే అవి చస్తాయి. గాలి లేనిచోట బతికే రకం పెరిగి హైడ్రోజన్ సల్ఫైడ్ వదులుతుంది. మీకు వస్తున్న వాసన అదే. గాలి ఊదే ఎరేషన్ ట్యాంకులో కరిగిన ఆక్సిజన్ లీటరుకు 2 మిల్లీగ్రాములుండాలి. ఖర్చు తగ్గాలంటే బ్లోయర్‌ని ఆపకుండా వీఎఫ్‌డీ (మోటారు వేగాన్ని మార్చే పరికరం) పెట్టి వేగం తగ్గించండి. రెండు బ్లోయర్లుంటే ఆరేసి గంటలు మార్చి మార్చి నడపండి. మురుగు మొదట చేరే ఈక్వలైజేషన్ ట్యాంకుకీ గాలి వెళ్తోందో లేదో చూసుకోండి.

ఎరేషన్ ట్యాంకు నీళ్లు రోజూ లీటరు గాజు జాడీలో పట్టి 30 నిమిషాలు కదపకుండా ఉంచండి. గోధుమ రంగు బురద 250–400 మిల్లీలీటర్ల మేర పేరుకుంటే బాగున్నట్టు. 150 కన్నా తక్కువైతే బాక్టీరియా చాలడం లేదు. బాగా నడుస్తున్న ఇంకో ఎస్టీపీ నుంచి ఒక ట్యాంకరు బురద తెచ్చి కలిపితే, పేడ వేసినదానికన్నా త్వరగా కుదురుతుంది. 600 దాటితే బురద తీసేయాలి. మీది ఎంబీబీఆర్ రకమైతే ఈ లెక్క పనికిరాదు. అందులో బాక్టీరియా ప్లాస్టిక్ ముక్కలకు అంటుకుని ఉంటుంది, ఆ ముక్కలు నీళ్లలో తిరుగుతున్నాయో లేదో చూడాలి. మళ్లీ కుదుటపడటానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఈలోగా ఇళ్లలో యాసిడ్, ఫినాయిల్ పోయడం తగ్గించమని నోటీసు పెట్టండి.

ఇది మాత్రం ఎంత గట్టిగా చెప్పినా తక్కువే: ట్యాంకులోకి మనిషిని దింపకండి. ఆ వాయువు మోతాదు పెరిగితే ముక్కుకు వాసన తెలియడమే ఆగిపోతుంది, ఒకటి రెండు ఊపిర్లలో మనిషి పడిపోతాడు, రక్షించబోయినవాడూ పడిపోతాడు. 2013 నాటి చట్టం ప్రకారం రక్షణ పరికరాలు లేకుండా దింపడం నేరం కూడా.

ప్రశ్న: వాన పడినప్పుడల్లా మా 20,000 లీటర్ల సంపు నీళ్లు వాసనొస్తున్నాయి. బ్లీచింగ్ పౌడర్ ఎంత వేయాలి?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: రోజువారీ అయితే వెయ్యి లీటర్లకు 4 గ్రాముల చొప్పున మీకు 80 గ్రాములు. ప్లాస్టిక్ బకెట్‌లో కలిపి, అరగంట ఆగి, అడుగున సున్నం పేరుకున్నాక పైన తేరిన నీళ్లే పోయాలి. మరో అరగంట తర్వాతే మోటారు వేయండి. చివరి కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ కనబడాలి. సంపు కడిగిన తర్వాత చేసే శుద్ధికైతే దాదాపు మూడుంపావు కిలోల తాజా పౌడర్ వేసి, కొన్ని గంటలుంచి ఆ నీళ్లన్నీ పారబోయాలి. మూత తీసి నెలల తరబడి ఉంచిన సంచీలోని పౌడర్‌కు శక్తి ఉండదు.

అయితే మీ అసలు సమస్య పౌడర్ కాదేమో. వేసిన క్లోరిన్ గంటలోనే మాయమవుతుంటే పక్కనున్న డ్రైనేజీ నీరు పగులులోంచి సంపులోకి దిగుతున్నట్టే. సంపు ఖాళీ చేయించి, వాన రోజున గోడ ఎక్కడ తడుస్తోందో పైనుంచి టార్చితో చూడండి. లాబ్‌లో కోలిఫామ్ పరీక్ష (మురుగు బాక్టీరియా ఉందేమో చూసేది) చేయించే దాకా ఆ నీళ్లు తాగకండి.

ప్రశ్న: నెలకు రూ. 8,000 మెయింటెనెన్స్. జీఎస్టీ కట్టాలా?
– ఒక కోశాధికారి, గచ్చిబౌలి

జవాబు: అసోసియేషన్ ఏడాది వసూళ్లు రూ. 20 లక్షలు దాటకపోతే అక్కర్లేదు. దాటితే, ఫ్లాటుకు రూ. 7,500 వరకే మినహాయింపు. రెండు ఫ్లాట్లున్నవారికి ఒక్కోదానికీ విడిగా లెక్క. 7,500 దాటినప్పుడు మొత్తం 8,000 మీద 18 శాతం అని పన్ను శాఖ 2019 సర్క్యులర్, పైనున్న 500 మీదే అని మద్రాసు హైకోర్టు 2021 తీర్పు. ఏ దారి పట్టేదీ మీ ఆడిటర్‌తో మాట్లాడి, కమిటీ తీర్మానంగా మినిట్స్ పుస్తకంలో రాయించండి.